పచ్చ గీత దాటొచ్చా?

(రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా ఒంగోలులో ఒక కాలనీ గ్రంథాలయంలో డ్రైవింగ్ నేర్పే మాస్టారు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల దాకా వినపడుతోందా? సరే.

నాకు ముందు మాట్లాడిన సార్ లెక్కలు చెప్పారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అంటే రోజుకు 460 మందికి పైనే, దాదాపు పది బస్సుల జనం. దానికి నేను కలిపేదేమీ లేదు. పదిహేడేళ్లు లారీ తోలాను, ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా కారు నేర్పుతున్నాను. నాకు బాగా తెలిసినవి రోడ్డు మీద గీతలు. వాటి గురించే మాట్లాడి దిగిపోతాను.

ముందు మీకో పరీక్ష. పచ్చ గీత అంటే ఏ రంగు గీత?

(సభలో కొందరు "పసుపు" అని, కొందరు "ఆకుపచ్చ" అని అన్నారు.)

చూశారా! సిగ్నల్ దగ్గర "పచ్చ పడింది, పోనీ" అంటాం, అది ఆకుపచ్చ. పచ్చకామెర్లు అంటాం, అది పసుపు. చేను పచ్చగా ఉంది అంటే ఒకటి, మామిడిపండు పచ్చగా మగ్గింది అంటే ఇంకొకటి. కొత్తగా చేరిన ఒకమ్మాయికి "పచ్చ గీత మీదికి పోకమ్మా" అని చెప్పాను. పాపం, ఆకుపచ్చ గీత ఎక్కడుందా అని రోడ్డంతా వెతుక్కుంటూ ఆ అమ్మాయి తిన్నగా పసుపు గీత మీదికే పోనిచ్చింది. (నవ్వులు) తప్పు నాది. ఆ రోజు నుంచి క్లాసులో పచ్చ అనే మాట మానేసి పసుపు అనే అంటున్నాను. ఇక్కడా అలాగే అంటాను.

అసలీ గీత ఎవరికి తోచిందో తెలుసా? అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారికి. 1911లో. పాల బండి ఒకటి కారుతూ పోతుంటే దాని వెనక రోడ్డు మీద తెల్లటి చార పడిందట. అది చూసి, రోడ్డు నడిమధ్యన గీత గీస్తే పోయేవాళ్లు ఒక పక్క, వచ్చేవాళ్లు ఒక పక్క ఉంటారు కదా అనుకున్నాడని చెబుతారు. అంతకు ముందు అందరూ నడిమధ్యనే తోలేవాళ్లు. మనం ఇప్పటికీ అలాగే తోలుతున్నాం, అది వేరే సంగతి.

సరే, మన రోడ్డుకొద్దాం. నా క్లాసులో రెండే మాటలు వాడతాను: ముక్కల గీత, నిండు గీత. ముక్కలుగా ఉందంటే, ఎదుట ఏమీ లేదని చూసుకుని దాటొచ్చు, మళ్లీ మన వైపుకు వచ్చేయాలి. నిండుగా ఉందంటే దాటకూడదు. రెండు గీతలు పక్కపక్కన ఉండి, ఒకటి ముక్కలు, ఒకటి నిండు అయితే? మనకు దగ్గరగా ఉన్నది ఏదో అదే మన గీత. మన వైపు ముక్కలుంటే మనం దాటొచ్చు, ఎదుటివాడు దాటకూడదు. ఇది చెప్పగానే కుర్రాళ్లందరూ "అదేంటి మాస్టారూ, ఒకే రోడ్డు, ఇద్దరికి రెండు రూల్సా?" అంటారు. అవును, రెండు రూల్సే. మిట్ట ఎక్కుతున్నవాడికి అవతల ఏముందో కనపడదు. మిట్ట దిగిపోయినవాడికి ముందు రోడ్డంతా కనపడుతుంది. ఇద్దరి చూపూ ఒకటి కానప్పుడు ఇద్దరి రూలూ ఒకటెలా అవుతుంది?

గీత దగ్గర చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ముక్కల గీత అంతటా ఒకేలా ఉండదు. తిన్నటి రోడ్డు మీద ముక్క చిన్నది, సందు పెద్దది. ముందు మలుపో మిట్టో వస్తోందంటే ముక్కలు పొడుగవుతాయి, సందులు తగ్గుతాయి. ఆ తర్వాత నిండు గీత మొదలవుతుంది. అంటే ఉన్నట్టుండి "ఆగు" అనడం కాదు, కాస్త ముందు నుంచే "దాటింది చాలు, ఇక నీ వైపుకు వచ్చేయ్" అని చెబుతోందన్నమాట. దీన్ని గమనించడం అలవాటైన డ్రైవరు రాత్రిపూట కొత్త రోడ్డు మీద కూడా మలుపును ముందే పసిగడతాడు.

ఇప్పుడు అసలు గొడవ. పసుపు గీత.

దీని మీద జరిగినంత వాదన నేను ఇంకే రూల్ మీదా వినలేదు. ఒంటి పసుపు నిండు గీత ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదని ఒకరు. చేయొచ్చు కానీ గీత దాటకూడదని ఇంకొకరు. తెలంగాణలో ఒక రూలు, మిగతా చోట్ల ఒక రూలు అని మరొకరు. ఫోన్లో వచ్చే వీడియోల్లో తలా ఒకటి చెబుతారు. చూసినవాళ్లు నా దగ్గరికొచ్చి "మాస్టారూ, మీరు చెప్పింది తప్పట" అంటారు.

ఈ తిరకాసు ఎక్కడ పుట్టిందో చెప్తాను. 1989లో కేంద్రం పెట్టిన రోడ్డు నియమాల్లో ఒక మాట ఉండేది. రోడ్డును విడదీస్తూ పసుపు గీత ఉన్నచోట, ఒకే దిక్కుకు పోయే బండ్లు ఒకదాన్నొకటి దాటే ప్రయత్నంలో ఆ గీత దాటకూడదు. అంతే ఉంది. ఓవర్‌టేక్ వద్దని లేదు, గీత దాటొద్దని ఉంది. దీన్ని చదివి ఒకాయన "అంటే ఓవర్‌టేక్ చేయొచ్చన్నమాట" అన్నాడు. ఇంకొకాయన "గీత దాటకుండా ఎలా చేస్తావయ్యా, అంటే వద్దనే కదా" అన్నాడు. ఇద్దరూ చదివింది ఒకే వాక్యం. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నియమాలు వచ్చాయి. గీతలు ఎలా వేయాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 35వ కోడ్‌ను 2015లో సవరించారు. కానీ జనం నోళ్లలో పాత చదువే తిరుగుతోంది.

నేను ఈ వాదనను టేపు పెట్టి తేలుస్తాను. రెండు లేన్ల రోడ్డు వెడల్పు ఏడు మీటర్లు. మన వైపు మూడున్నర. ముందు పోతున్న లారీ వెడల్పు రెండున్నర మీటర్లు. మన కారు, అద్దాలు కలపకుండా, మీటరూ డెబ్భై సెంటీమీటర్లు అనుకోండి. రెండూ కలిపితే నాలుగుకు పైన. మూడున్నరలో నాలుగు ఎలా పడుతుంది? లారీవాడు మార్జిన్‌లోకి దిగి దారిస్తే తప్ప, గీత దాటకుండా లారీని దాటడం కుదరదు. సైకిలునో, పక్కన ఆనుకుని పోతున్న మోపెడ్‌నో అయితే గీత లోపలే ఉండి దాటొచ్చు. కాబట్టి "ఓవర్‌టేక్ చేయొచ్చు" అన్న పెద్దమనిషీ కరెక్టే, "కుదరదు" అన్న పెద్దమనిషీ కరెక్టే. ఒకాయన మనసులో సైకిలుంది, ఇంకొకాయన మనసులో లారీ ఉంది. ఏ పార్టీవాడైనా సరే, రెండు వైపులా ట్రాఫిక్ నడిచే రోడ్డులో నడిమధ్య నిండు గీత, పసుపైనా తెలుపైనా, చక్రం దాని అవతల పడకూడదు. రంగు దగ్గర తగువు పడేవాళ్లు ముందు గీత తెగిందా, తెగలేదా చూడండి. జంట నిండు గీతలైతే ఇక వాదనే లేదు, రెండు వైపులవాళ్లకూ బందే.

ఇదంతా నాకు పుస్తకం చదివితే వచ్చిందనుకుంటున్నారేమో. కాదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కర్నూలు నుంచి ఉల్లిపాయల లోడుతో వస్తున్నాను. నంద్యాల దాటి నల్లమల ఘాట్ ఎక్కాను, గిద్దలూరు వైపు. ముందు ఒక పాత లారీ, ఎద్దుల బండిలా పోతోంది. పావుగంట దాని పొగ తిన్నాను. నిండు గీత ఉందని కనపడుతూనే ఉంది. తెలియక చేశానని అబద్ధం చెప్పను. మా క్లీనర్ "అన్నా, ఆగు" అన్నాడు. నేను ఆగలేదు. సగం దాటానో లేదో, మలుపు లోంచి బస్సు వచ్చింది. నిండా జనం. ఆ బస్సు డ్రైవర్ ఎవరో నాకిప్పటికీ తెలియదు. కొండ వైపు మట్టిలోకి దించేశాడు. పాత లారీవాడు బ్రేకు కొట్టి నాకు సందిచ్చాడు. ముగ్గురం కాస్త దూరం పోయి ఆగాం. బస్సాయన దిగి వచ్చి నన్ను తిట్టలేదు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఉల్లిపాయలా?" అని అడిగి, తన బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట నన్ను ఇన్నేళ్లుగా తింటోంది.

తర్వాత నేను కూర్చుని లెక్క కట్టాను. మీరూ కట్టండి. ముందు బండి గంటకు 40లో పోతోంది. మీరు 60లో దాటుతున్నారు. తేడా 20, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ముందున్న సందు, ఆ బండి పొడుగు, దాటాక మళ్లీ లోపలికి రావడానికి కావలసిన సందు, అన్నీ కలిపి నలభై మీటర్లు వేసుకోండి. ఏడు సెకన్లు పడుతుంది. 60లో పోయే బండి ఏడు సెకన్లలో 117 మీటర్లు పోతుంది. ఎదురుగా వచ్చేవాడు కూడా 60లో ఉంటే వాడూ 117 మీటర్లు వస్తాడు. రెండూ కలిపి 234. అంటే మొదలుపెట్టేటప్పుడు పావు కిలోమీటరు రోడ్డు ఖాళీగా కనపడాలి, అదీ ఎవరూ కంగారు పడకుండా ఉంటేనే. ఘాట్‌లో అంత రోడ్డు ఎక్కడ కనపడుతుంది? ఎదర చూపు చాలని చోటే నిండు గీత వేస్తారు. ఎవరో ఆఫీసులో కూర్చుని బ్రష్ ఊపేసిన గీత కాదు అది.

అయితే అన్ని గీతలూ అలాగే ఉన్నాయా అంటే, లేవు. నేను దాచను. మా స్కూలు దగ్గరి రోడ్డుకు ఆ మధ్య కొత్త గీతలు వేశారు. పాతవి చెరపలేదు. పాత గీత ఒక చోట, కొత్త గీత దానికి జానెడు పక్కన. రాత్రి లైటు పడితే పాతదే ఎక్కువ మెరుస్తుంది. పెయింటులో కలిపి చల్లే గాజు పూసలే ఆ మెరుపు ఇస్తాయి, అవి సరిగా పడకపోతే పగలు తెల్లగా ఉండి రాత్రి మాయమైపోతుంది. అలాంటి చోట డ్రైవర్‌ను ఏమనగలం? ఇక పరీక్ష సంగతి. ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ముందు ఇచ్చే లైసెన్స్, దాని పరీక్షలో నూటికి అరవై వస్తే పాస్. మిగతా నలభై ఏమిటో ఎవరూ అడగరు. గీతల ప్రశ్నలన్నీ ఆ నలభైలోనే పోయాయనుకోండి, అయినా లైసెన్స్ వస్తుంది. ఆ తర్వాత డ్రైవింగ్ టెస్టులో బండితో ఎనిమిది అంకె వేసి చూపిస్తారు, హెచ్ ఆకారం ట్రాక్‌లో రివర్స్ కొట్టి చూపిస్తారు. అక్కడ ఎదురు బండి ఉండదు, మలుపు అవతల బస్సు ఉండదు.

ఇప్పుడు కార్లవాళ్ల ఫిర్యాదు ఒకటి. లారీలన్నీ హైవే మీద కుడి లేన్‌లోనే ఎందుకు పోతాయి అని. మన పక్కనే ఉంది కదా పదహారో నంబరు హైవే, పాత ఐదో నంబరు. అన్ని లేన్లున్నా లారీ డివైడర్ పక్కనే పోతుంది. రూలు ప్రకారం తప్పే. కుడి లేను దాటడానికి, దాటాక ఎడమకు వచ్చేయాలి. చీమకుర్తి గ్రానైట్ లోడుతో నేనూ కుడి లేన్‌లోనే తోలాను, ఎందుకో చెప్తాను. ఎడమ లేన్‌లో ఏముంటుంది? ఆగి ఉన్న లారీ, దానికి వెనక లైట్లుండవు. రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో. రోడ్డెక్కుతున్న గేదెలు. కోతల కాలంలో అయితే ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ కాపలాకు పెట్టిన రాళ్లు. ఇరవై టన్నుల పైన బరువుతో అన్నిసార్లు బ్రేకు కొట్టి మళ్లీ గేరు మార్చడం కంటే, ఏమీ అడ్డం రాని డివైడర్ పక్కనే పోవడం లారీవాడికి సుఖం. వాడి సుఖం కోసం కారువాడు ఎడమ నుంచి దాటుతాడు, ఆ ఎడమన పైన చెప్పినవన్నీ ఉంటాయి. లారీవాడిని తిట్టండి, నేనేమీ అనుకోను. వడ్లను కూడా ఒకసారి చూసి తిట్టండి.

లారీ కుడి ఇండికేటర్ వేస్తే ఏమనుకుంటారు? కుడికి తిరుగుతాడని. కానీ మా లారీవాళ్లలో చాలామందికి అది "ముందు ఖాళీగా ఉంది, దాటేయ్" అని చెప్పే సైగ. ఒకే లైటుకు రెండు అర్థాలు, అవి కూడా ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. నేనూ ఆ లైటు వేసినవాడినే. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు నా శిష్యులకు చెప్పేది ఒకటే: లారీ కుడి ఇండికేటర్ చూసి ఎప్పుడూ దాటకండి, వాడు తిరిగేదీ లేనిదీ తేలేదాకా వెనకే ఉండండి. హెడ్‌లైటు డిప్పర్ సంగతీ అంతే. ఇక్కడ డిప్పర్ కొట్టాడంటే "నేనొస్తున్నా, ఆగు" అని. లండన్‌లో ఉన్న మా తోడల్లుడి కొడుకు చెప్పాడు, అక్కడ అదే డిప్పర్ కొడితే చాలాసార్లు "నువ్వు ముందు పో" అని మర్యాద అట. ఆ మర్యాద అలవాటైనవాడు సెలవులకు వచ్చి మన రోడ్డెక్కితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇక నేను ఆపుతాను, ఏమైనా ఉంటే అడగండి.

(ఒక మహిళ: "మాస్టారూ, ఎడమ వైపుకు ఎప్పుడైనా వెళ్లొచ్చంటారు కదా, ఫ్రీ లెఫ్ట్?")

ఎప్పుడైనా కాదమ్మా. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డుండాలి, లేదా ఎడమ బాణం లైటు పడి ఉండాలి. ఏదీ లేకపోతే ఎర్ర లైటు ఎడమకు పోయేవాళ్లకూ ఎర్ర లైటే. బోర్డున్న చోట కూడా నడిచేవాళ్లు దాటుతుంటే వాళ్లే ముందు. ఇంకో బాధ ఏమిటంటే, ఫ్రీ లెఫ్ట్ ఉన్న చోట తిన్నగా పోయేవాళ్లు వచ్చి అక్కడ నిలబడతారు. వెనకవాళ్లు హారన్ కొడతారు. వీళ్లు వెనక్కి తిరిగి "ఎర్ర లైటు కనపడట్లేదా" అని దబాయిస్తారు.

(ఇంకొకరు: "జంక్షన్‌లో తిన్నగా పోవాలంటే నాలుగు లైట్లూ వేయాలి కదండీ?")

ఇదెవరు నేర్పారండీ మనకు? ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. తిన్నగా పోవడానికి ఏ లైటూ అక్కర్లేదు. నాలుగు లైట్లూ బండి ఆగిపోయి దారికి అడ్డంగా ఉందని చెప్పడానికి. అవి వేసుకుని పోతుంటే పక్కవాడికి మీ రెండు ఇండికేటర్లలో ఒకటే కనపడుతుంది. మీరు వాడి వైపు తిరుగుతున్నారని అనుకుంటాడు. వానలో కూడా అంతే, వేయకండి. హెడ్‌లైటు చాలు.

(ఒక యువకుడు: "అంకుల్, నేను డల్లాస్‌లో ఆరేళ్లు డ్రైవ్ చేశాను. అక్కడ పసుపు గీతకు ఇంత కన్‌ఫ్యూజన్ లేదు.")

లేదు బాబూ, ఎందుకంటే అక్కడ 1971 నుంచీ రంగుకే అర్థం కట్టేశారు. ఎదురెదురుగా పోయే బండ్ల మధ్య పసుపు, ఒకే దిక్కుకు పోయే లేన్ల మధ్య తెలుపు. నీ ఎడమ చేతి పక్కన పసుపుంటే సరైన దారి, కుడి చేతి పక్కన పసుపు కనపడిందంటే రాంగ్ రూట్‌లో ఉన్నట్టు. ఇక్కడ నడిమధ్యన తెలుపూ ఉంటుంది, పసుపూ ఉంటుంది. అందుకే రంగు కాదు, తెగిందా లేదా చూడమన్నాను. మన కొత్త హైవేల మీద డివైడర్ వైపు అంచుకు పసుపు, ఎడమ అంచుకు తెలుపు వేస్తున్నారు. మనం ఎడమన పోతాం కాబట్టి, ఇక్కడ పసుపు కుడి చేతి పక్కన ఉండాలి. రాత్రిపూట రోడ్డులో పొదిగిన రిఫ్లెక్టర్లు కూడా చూడు: ఎడమ అంచున ఎర్రవి, డివైడర్ వైపు పసుపువి. మంచు పడి ఏమీ కనపడనప్పుడు అవే దిక్కు. ఇంకో మాట బాబూ, అక్కడ ఎర్ర లైటున్నా ఆగి చూసుకుని కుడికి తిరగడం చాలాచోట్ల అలవాటు. ఆ చెయ్యి ఇక్కడ తనంతట తానే ఎడమకు తిప్పేస్తుంది. కాస్త జాగ్రత్త.

(వెనక నుంచి ఒకరు: "గీత దాటితే ఫైనెంత?")

ఎదురుచూస్తూనే ఉన్నాను, ఇంకా ఎవరూ అడగలేదేమని. (నవ్వులు) 2019 సెప్టెంబర్ నుంచి డ్రైవింగ్ నియమాలు మీరితే 500 నుంచి 1,000 దాకా. కానీ అడ్డగోలుగా ఓవర్‌టేక్ చేయడం, రాంగ్ రూట్, రెడ్ లైటు దాటడం, ఇవి ప్రమాదకరంగా నడపడం కింద రాస్తే 1,000 నుంచి 5,000 దాకా ఉంటుంది, ఆరు నెలల నుంచి ఏడాది జైలు కూడా పడొచ్చు.

సెక్రటరీగారు గడియారం చూస్తున్నారు. ఒక పని చేద్దాం. మన గ్రంథాలయం గేటు ముందు రోడ్డు మీద ఒక గీత ఉంది. నేను లోపలికి వచ్చేటప్పుడు చూశాను. కాంపౌండ్ గోడ మూల దాకా ముక్కలుగా వచ్చి, అక్కడ నిండు గీత అయింది. ఆ మూల అవతలిది ఇక్కడ కూర్చున్నవాళ్లు రోజూ చూసే దారే, అయినా గీత అక్కడే ఎందుకు మారిందో ఎప్పుడైనా చూశారా? టీ తాగి, అందరం గేటు దాకా నడుద్దాం. బండ్లు తీయకండి, నడిచే రండి.